మొదటి కాగితం భర్తదైతే: నలభై ఏళ్లకు తేలిన లినెట్ డాసన్ హత్య కేసు

సంక్షిప్తంగా

1982 జనవరిలో సిడ్నీ ఉత్తర శివారులోని సొంత ఇంటి నుంచి అదృశ్యమైన లినెట్ డాసన్‌ను ఆమె భర్తే హత్య చేశాడని న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు 2022 ఆగస్టు 30న నిర్ధారించింది. మృతదేహం దొరకలేదు, ఆయుధం లేదు, కళ్లారా చూసినవారు లేరు. శిక్షకు ఆధారమైన అంశాల్లో చాలాభాగం రెండు దశాబ్దాల క్రితమే ఫైలులో ఉన్నాయి. గృహహింస నేపథ్యమున్న పాత కేసులు ఎందుకు మూతపడతాయి, తిరిగి తెరిచినప్పుడు కోర్టు దేనిని రుజువుగా తీసుకుంటుంది, ఇలాంటి కేసుకు భారతీయ చట్టంలో ఉన్న దారులేమిటి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

బేవ్యూ ఇంట్లో ఏం జరిగింది

లినెట్ పుట్టింటి పేరు సిమ్స్. నర్సుగా శిక్షణ పొందిన ఆమె తర్వాత పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేశారు. 1970లో ఆమె పెళ్లాడిన క్రిస్ డాసన్ న్యూటౌన్ జెట్స్ జట్టుకు రగ్బీ లీగ్ ఆడినవాడు. ఆ తర్వాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. బేవ్యూ ప్రాంతంలో వారికి ఈత కొలను ఉన్న ఇల్లు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు ఉండేవారు. 1982 జనవరి నాటికి పెద్దపాపకు నాలుగేళ్లు, చిన్నపాపకు రెండేళ్లు. లినెట్ వయసు 33.

క్రిస్ డాసన్ తాను పాఠాలు చెప్పిన పాఠశాల విద్యార్థినితో సంబంధం పెట్టుకున్నాడు. పిల్లలను చూసుకునే పని పేరుతో ఆ అమ్మాయి ఇంట్లోకి వచ్చింది, కొంతకాలం అక్కడే ఉంది. 1981 క్రిస్మస్ ముందు ఇద్దరూ కలిసి క్వీన్స్‌లాండ్‌లో కొత్త కాపురం పెట్టాలని బయలుదేరి, మధ్యలోనే వెనక్కి తిరిగారు. జనవరి మొదటివారంలో ఆ అమ్మాయి స్నేహితులతో సౌత్ వెస్ట్ రాక్స్ అనే తీరపట్టణానికి వెళ్లింది. అతడికి దూరమవ్వాలన్న ఆలోచన అప్పటికే ఆమెకు ఉందని తర్వాత కోర్టుకు తెలిసింది.

జనవరి 8 సాయంత్రం లినెట్ తన తల్లితో ఫోన్‌లో మాట్లాడారు. కూతురి మాట కాస్త మత్తుగా వినిపించిందని, భర్త తాగడానికి ఏదో కలిపి ఇచ్చాడని చెప్పిందని తల్లి తర్వాత గుర్తుచేసుకున్నారు. మర్నాడు నార్త్‌బ్రిడ్జ్ ఈతకొలను దగ్గర తల్లీకూతుళ్లు కలుసుకోవాల్సి ఉంది. లినెట్ రాలేదు. ఈతకొలను కార్యాలయానికి లినెట్ ఫోన్ చేసిందని, కొన్నాళ్లు ఒంటరిగా ఉండాలనుకుంటోందని చెప్పిందని క్రిస్ డాసన్ అందరికీ చెప్పాడు. ఒకటి రెండు రోజుల్లోనే అతడు సౌత్ వెస్ట్ రాక్స్ వెళ్లి ఆ విద్యార్థినిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె అదే ఇంట్లో కాపురం ఉంది. భార్య కనిపించడం లేదని అతడు పోలీసులకు చెప్పినది ఫిబ్రవరి 18న, అంటే దాదాపు ఆరు వారాల తర్వాత. 1983లో విడాకులు తీసుకున్నాడు, 1984లో ఆ యువతిని పెళ్లి చేసుకున్నాడు.

ఫిర్యాదు ఇచ్చినవాడే అనుమానితుడైతే

దొంగతనం జరిగితే సొమ్ము పోయినవారు స్టేషనుకు వెళ్తారు. వీధిలో హత్య జరిగితే చూసినవారో, శవాన్ని కనుగొన్నవారో చెబుతారు. ఇంటి నాలుగు గోడల మధ్య భార్య చనిపోతే ఆ సంగతి లోకానికి చెప్పే మొదటి నోరు చాలాసార్లు భర్తదే అవుతుంది. ఆమె ఎప్పుడు వెళ్లింది, ఏ మనఃస్థితిలో వెళ్లింది, ఏం బట్టలు తీసుకెళ్లింది, ఎందుకు వెళ్లి ఉంటుంది అన్న వివరాలన్నీ అతడి నోటి నుంచి పోలీసు కాగితంలోకి వెళ్తాయి. ఆ కాగితమే తర్వాతి దర్యాప్తుకు పునాది. గృహహింస కేసుల్లో ఫైళ్లు మూతపడటానికి పోలీసుల నిర్లక్ష్యాన్నో లంచాన్నో కారణంగా చెప్పుకోవడం పరిపాటి. అవి లేవని కాదు. అయితే నిజాయితీగల అధికారి కూడా దారితప్పడానికి ఈ ఒక్క ఏర్పాటు చాలు: కేసు తొలి కథనాన్ని రాసినది ఆ కథనం వల్ల లాభపడే మనిషి.

లినెట్ విషయంలో ఆ కథనం సాదాగానే ఉంది: కాపురంలో చికాకులున్నాయి, భార్య అలిగి వెళ్లిపోయింది. నమ్మశక్యం కానిదేమీ అందులో లేదు, అందుకే అది నిలిచింది. అదృశ్యమైన తర్వాత ఆమె బ్యాంకు కార్డు వాడినట్టు కనిపించిందని భర్త చెప్పాడు. ఫలానాచోట చూశామని కొందరు చెప్పారు. వార్తాపత్రికలో అతడు ఇంటికి రమ్మని కోరుతూ ప్రకటన కూడా ఇచ్చాడు. వెళ్లిపోయిన మనిషిగా ఒకసారి నమోదైన స్త్రీ కోసం ఇంటిని సోదా చేయరు, గోడల మీద మరకలు వెతకరు, పెరడు తవ్వరు. నేరస్థలం నేరస్థలంగా గుర్తింపు పొందకుండానే సాధారణ నివాసంగా మారిపోతుంది, చేతులు మారుతుంది, రంగులు వేయించుకుంటుంది.

ఆ కాలపు పరిస్థితిని కూడా చూడాలి. భర్త కొట్టడాన్ని ఇంటి వ్యవహారంగా కాక ప్రత్యేక రక్షణ అవసరమైన నేరంగా గుర్తిస్తూ న్యూ సౌత్ వేల్స్ శాసనసభ చట్టాన్ని సవరించినది 1982లోనే. భారతదేశంలో భార్యపై క్రూరత్వాన్ని నేరంగా చేసిన 498ఏ సెక్షన్ 1983లో వచ్చింది. లినెట్ అదృశ్యమైననాడు మెడ మీది కమిలిన మచ్చను చూసినవారికి, దానిని ఏ అధికారికి ఏ పేరుతో చెప్పాలో తెలియదు. తోటి ఉద్యోగులు, ఇరుగుపొరుగు అలాంటివి చూశామని తర్వాతి దశాబ్దాల్లో వాంగ్మూలమిచ్చారు.

రెండు కరోనర్ విచారణలు, కదలని ఫైలు

1990లో రెండో భార్య అతడి నుంచి విడిపోయి, తనకు తెలిసినదంతా పోలీసులకు చెప్పడంతో పాత ఫైలు మొదటిసారి కదిలింది. 1991 జనవరిలో పోలీసులు అతడిని ప్రశ్నించి సంభాషణను రికార్డు చేశారు. ఫలితం లేకపోయింది. 1998 నుంచి కొత్త డిటెక్టివ్ బృందం వివరాలు సేకరించింది. 2000లో ఈతకొలను చుట్టుపక్కల కొంతమేర తవ్వగా కోతలున్న గులాబీరంగు స్వెటరు దొరికింది. అది ఎవరిదన్నది శాస్త్రీయ పరీక్షల్లో తేలలేదు.

ఆస్ట్రేలియాలో అనుమానాస్పద మరణాలను కరోనర్ అనే న్యాయాధికారి విచారిస్తాడు. మన వ్యవస్థలో శవపంచనామా ఎస్సైతోనో తహసీల్దారుతోనో ముగుస్తుంది, చాలాసార్లు అది రెండు పేజీల వ్యవహారం. కరోనర్ విచారణ అలా కాదు. సాక్షులను పిలిపించి, బహిరంగంగా వారాల తరబడి నడపవచ్చు. లినెట్ మరణంపై 2001లో ఒకసారి, 2003లో మరోసారి విచారణ జరిగింది. తెలిసిన వ్యక్తే ఆమెను చంపాడని ఇద్దరు కరోనర్లూ అభిప్రాయపడి, అభియోగం మోపాలని సూచించారు. రెండుసార్లూ ప్రాసిక్యూషన్ డైరెక్టర్ కార్యాలయం చాలినంత సాక్ష్యం లేదంటూ నిరాకరించింది.

ఇందులో తేడా మనుషుల్లో లేదు, కొలతలో ఉంది. నేరం జరిగిందని, ఫలానా వ్యక్తిపై అభియోగానికి తగిన సామగ్రి ఉందని కరోనర్ చెప్పవచ్చు. సహేతుకమైన సందేహానికి తావులేకుండా శిక్షపడే అవకాశం ఉందా అని ప్రాసిక్యూటర్ లెక్కవేసుకుంటాడు. ఓడిపోతే మళ్లీ అదే అభియోగంపై విచారణ జరపడం దాదాపు అసాధ్యం కనుక, బలహీనంగా కనిపించే కేసును దాచి ఉంచడమే మంచిదన్న వాదనకు న్యాయపరంగా విలువ ఉంది. అయితే దాచి ఉంచిన కేసు వయసు పెరిగేకొద్దీ బలపడదు, సాక్షులు పోతారు. కూతురి గొంతు చివరిసారి విన్న తల్లి 2001లో మరణించారు.

2018లో మారినదేమిటి

2018 మే నెలలో 'ది ఆస్ట్రేలియన్' పత్రిక విలేకరి హెడ్లీ థామస్ ఈ అదృశ్యంపై ధారావాహిక పాడ్‌కాస్ట్ విడుదల చేశాడు. దానిని ప్రపంచమంతటా కోట్లసార్లు విన్నారు. అదే ఏడాది డిసెంబరు 5న గోల్డ్ కోస్ట్‌లో క్రిస్ డాసన్ అరెస్టయ్యాడు. పాడ్‌కాస్ట్ వల్లే న్యాయం జరిగిందన్న మాట అప్పటి నుంచి స్థిరపడిపోయింది. తేదీలు చూస్తే ఆ మాట సగమే నిజం. 2015 నుంచే ప్రత్యేక పోలీసు బృందం కేసును మొదటి నుంచి తిరగదోడుతోంది. 2018 ఏప్రిల్‌లోనే, అంటే తొలి భాగం విడుదల కాకముందే, దర్యాప్తు పత్రాలు ప్రాసిక్యూషన్ కార్యాలయానికి చేరాయి. ప్రచారం వల్ల కొందరు కొత్త సాక్షులు ముందుకొచ్చారు, అధికారుల మీద ఒత్తిడి పెరిగింది. అదే ప్రచారం విచారణను ఆలస్యం చేసింది కూడా.

నిష్పక్షపాత విచారణ ఇక సాధ్యం కాదంటూ, కేసును శాశ్వతంగా నిలిపివేయాలని నిందితుడు కోరాడు. న్యాయమూర్తి ఎలిజబెత్ ఫుల్లర్టన్ పాడ్‌కాస్ట్ పోకడను తీవ్రంగా తప్పుపట్టినా, 2020లో తాత్కాలిక నిలుపుదల మాత్రమే ఇచ్చారు. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్లి 2022 ఏప్రిల్‌లో ముగిసింది. (ఆస్ట్రేలియాలో దేశ అత్యున్నత న్యాయస్థానం పేరు హైకోర్టు, రాష్ట్రస్థాయి న్యాయస్థానం పేరు సుప్రీంకోర్టు, మన పద్ధతికి తలకిందులు.) ప్రచారం విని అభిప్రాయం ఏర్పరచుకోనివారు దొరకడం కష్టమన్న కారణంతో జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) లేకుండా ఒక్క న్యాయమూర్తి ముందే విచారణ జరిగింది. అందువల్ల అనుకోని మేలు ఒకటి కలిగింది. జ్యూరీ కారణాలు చెప్పకుండా ఒక్కమాటలో తేలుస్తుంది. న్యాయమూర్తి ఇయాన్ హారిసన్ తన కారణాలను దాదాపు ఐదు గంటలపాటు కోర్టులో చదివి వినిపించారు. శవం లేని కేసు ఎలా రుజువవుతుందో తెలుసుకోదలచినవారికి ఆ తీర్పు బహిరంగ పాఠంగా మిగిలింది.

శవం లేకుండా హత్యను రుజువు చేసే తీరు

ఇలాంటి కేసులో ప్రాసిక్యూషన్ మూడు మెట్లు ఎక్కాలి. మనిషి చనిపోయిందని చూపాలి. అది హత్య అని చూపాలి. చేసినది ఈ నిందితుడేనని చూపాలి. శవం ఉంటే మొదటి మెట్టు దానంతటదే దాటిపోతుంది, రెండోదానికి వైద్యుడు సాయపడతాడు. శవం లేకపోతే మొదటి మెట్టు వద్దనే అసలు పోరు జరుగుతుంది. ఆమె బతికే ఉండవచ్చన్న సహేతుకమైన అవకాశం కొంచెం మిగిలినా కేసు అక్కడితో ఆగిపోతుంది.

లినెట్ మరణాన్ని నిరూపించినవి వస్తువులు కావు, లేకపోవడాలు. ఆమె బట్టలు, నగలు ఇంట్లోనే ఉన్నాయి. నలభై ఏళ్లలో ఆమె పేరున బతుకుకు గుర్తుగా నిలిచే జాడ ఏదీ లేదు. తల్లికి ఒక్క ఫోన్ కూడా రాలేదు. అన్నిటికంటే బరువైనది పిల్లల సంగతి: కష్టపడి కన్న ఇద్దరు పసిపిల్లలను, వారిని విడిచి ఉండలేని తల్లి, ఒక్క మాట చెప్పకుండా వదిలేసి, వారు పెరిగి పెద్దవారై పెళ్లిళ్లు చేసుకున్నా తిరిగి చూడకుండా ఉంటుందా? చూశామన్న వారి సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరిశీలించి న్యాయమూర్తి తోసిపుచ్చారు. ఆమె 1982 జనవరి 8 ప్రాంతంలో మరణించిందని, స్వచ్ఛందంగా ఇల్లు వదల్లేదని నిర్ధారించారు.

ఆ తర్వాతి మెట్టులో భర్త చెప్పిన మాటలే అతడికి ఎదురు తిరిగాయి. లినెట్ 8వ తేదీనే చనిపోతే, 9న ఆమె నుంచి ఫోన్ రావడం అసంభవం. కాబట్టి ఆ ఫోన్ కథ అబద్ధం. ఆమె లేదని తెలిసినవాడికే ఆ అబద్ధం చెప్పే అవసరం ఉంటుంది. 1982లో పోలీసు కాగితంలోకి సమాచారంగా వెళ్లిన వాక్యం 2022లో నేరస్పృహకు ఆనవాలుగా చదవబడింది. వాక్యం అదే, చదివే తీరు మారింది. విద్యార్థిని తనను వదిలిపోతుందన్న భయం, భార్య అడ్డుగా ఉందన్న భావన హత్యకు కారణమని కోర్టు తేల్చింది.

ప్రాసిక్యూషన్ చెప్పినదంతా కోర్టు ఒప్పుకోలేదన్నది కూడా గుర్తించవలసిన విషయం. అంతకుముందు భార్యను చంపించేందుకు కిరాయి హంతకుడిని వెతికాడన్న ఆరోపణ సందేహాతీతంగా రుజువు కాలేదని న్యాయమూర్తి పక్కనపెట్టారు. ఆరోపణల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని విడదీసి చూపడం వల్లే, మిగిలినదానికి బలం వచ్చింది. 2024 జూన్ 13న ముగ్గురు న్యాయమూర్తుల అప్పీలు ధర్మాసనం శిక్షను సమర్థించింది.

చనిపోయిన స్త్రీ మాటకు విలువ ఎంత

గృహహింసకు సాక్షులు తక్కువ. బాధితురాలు తన తల్లికో, స్నేహితురాలికో చెప్పుకున్న మాటే చాలాసార్లు మిగిలే సాక్ష్యం. మరొకరి నుంచి విన్నది సాక్ష్యం కాదన్నది సాధారణ సూత్రం. చెప్పినవారు చనిపోయినప్పుడు ఆ సూత్రానికి మినహాయింపు ఎంతవరకు ఇవ్వాలన్నదే చిక్కు. న్యూ సౌత్ వేల్స్‌లో 1995 నాటి సాక్ష్య చట్టం, చెప్పినవారు అందుబాటులో లేనప్పుడు కొన్ని షరతులతో అలాంటి మాటలను అనుమతిస్తుంది. డాసన్ విచారణలో లినెట్ తన సహోద్యోగినితో చెప్పుకున్న విషయాలు అలాగే కోర్టు ముందుకొచ్చాయి.

భారతీయ చట్టం ఈ విషయంలో చాలాకాలంగా మరింత ఉదారంగా ఉంది. దానికి మూలమైన తీర్పు తెలుగు నేల నుంచే వెళ్లింది. 1937 మార్చిలో పూరీ రైల్వేస్టేషనులో ఓ ఇనుపపెట్టెలో దొరికిన శవం పిఠాపురం దివాను వద్ద జవానుగా పనిచేసిన వ్యక్తిది. నిందితుడు పాకాల నారాయణస్వామి ఆ దివాను అల్లుడు, బరంపురంలో ఉండేవాడు. బాకీ డబ్బు కోసం బరంపురం రమ్మని కబురు వచ్చిందని మృతుడు బయలుదేరేముందు భార్యతో చెప్పాడు. ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న అప్పట్లో మనకు చివరి అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మరణానికి దారితీసిన పరిస్థితులతో దగ్గరి సంబంధముంటే, చావు వస్తుందన్న ఊహ ఆ క్షణాన లేకపోయినా, చనిపోయినవారి మాట చెల్లుతుందని 1939లో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పారు. పుట్టింటికి రాసిన ఉత్తరం, అక్కకు చేసిన ఫోన్, ఇప్పుడైతే వాట్సాప్ సందేశం వరకట్న మరణాల కేసుల్లో కోర్టు ముందుకు వస్తున్నది ఈ సూత్రం వల్లే. ఇది సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 26వ సెక్షన్.

దారి తెరిచినంతమాత్రాన శిక్ష పడుతుందని కాదు. లినెట్ అదృశ్యమైన 1982లోనే పుణెలో పెళ్లయిన నాలుగు నెలలకు చనిపోయిన యువతి కేసులో (శరద్ బిర్దిచంద్ సారదా కేసుగా ప్రసిద్ధం) సుప్రీంకోర్టు ఆమె ఉత్తరాలను పరిశీలించి, 1984లో భర్తను నిర్దోషిగా విడుదల చేసింది. పరిస్థితుల సాక్ష్యం ఒక గొలుసులా ఉండాలని, నిందితుడి నిర్దోషిత్వానికి పొసగే ఊహ ఏదీ మిగలకూడదని చెప్పే ఐదు సూత్రాలు ఆ తీర్పులోనివే. ఇప్పటికీ పాత కేసు తెరిచిన ప్రతి దర్యాప్తు అధికారీ దాటవలసిన గీత అది.

భారతదేశంలో మూసిన ఫైలు తెరుచుకునే దారులు

పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అసహజంగా మరణిస్తే పోస్టుమార్టం, మెజిస్ట్రేటు పంచనామా ఉండాలని చట్టం చెబుతోంది. స్టవ్ పేలిందనో, కడుపునొప్పి తట్టుకోలేక పురుగుమందు తాగిందనో నమోదై ముగిసిన మరణాల్లో ఏది నిజం, ఏది అత్తింటివారి తొలి కథనం అన్నది తేల్చే అవకాశం ఆ మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. అది దాటిపోయాక ఉన్న దారులు కొన్నే.

మొదటిది, పోలీసులు కేసు మూసివేయాలని తుది నివేదిక వేసినప్పుడే దానిని అడ్డుకోవడం. ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి, వారి అభ్యంతరం విన్న తర్వాతే మెజిస్ట్రేటు ఆ నివేదికను ఆమోదించాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ పిటిషన్ పెళ్లయిన కూతురు కాలిన గాయాలతో మరణించిన తండ్రిది. నేడు కోర్టుల్లో ప్రొటెస్ట్ పిటిషన్ అని అందరూ అనే హక్కుకు గట్టి పునాది అక్కడ పడింది. నోటీసు ఆడపిల్ల పుట్టింటి పాత చిరునామాకు వెళ్లి తిరిగిరావడం వల్ల ఈ హక్కు కాగితం మీదే ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి.

రెండోది తదుపరి దర్యాప్తు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 173(8), 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193(9). నివేదిక వేసిన తర్వాత కూడా కొత్త సాక్ష్యం దొరికితే పోలీసులు దర్యాప్తు కొనసాగించవచ్చు. ఇది పాతదానిని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే పునర్దర్యాప్తు కాదు, పాతదానికి కొనసాగింపు. పునర్దర్యాప్తును సాధారణంగా హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే ఆదేశించగలవు. విచారణ మొదలయ్యేదాకా తదుపరి దర్యాప్తుకు మెజిస్ట్రేటు కూడా ఆదేశించవచ్చని 2019లో వినూభాయి మాలవీయ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాలపరిమితి సంగతి చాలామందిని అయోమయానికి గురిచేస్తుంది. హత్యకు, వరకట్న మరణానికి కాలపరిమితి లేదు. క్రూరత్వ నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కనుక, దానికి మూడేళ్ల పరిమితి వర్తిస్తుంది. రెండూ కలిపి విచారించదగినవైతే మాత్రం ఎక్కువ శిక్ష ఉన్న నేరాన్ని బట్టే లెక్క ఉంటుంది. అందువల్ల పదేళ్ల తర్వాత హత్యగా తెరుచుకున్న కేసులో కొట్టడం, తిట్టడం వంటి ఆరోపణలు దానితోపాటు నిలబడగలవు. హత్య అభియోగం పక్కకు పోతే అవి ఒంటరిగా నిలబడటం కష్టమవుతుంది. మరో హద్దు కూడా ఉంది. వరకట్న మరణమనే నేరం 1986లోనే చట్టంలోకి వచ్చింది, అంతకుముందు మరణాలకు దానిని వెనక్కి లాగి వర్తింపజేయడానికి రాజ్యాంగం అనుమతించదు. ఒకసారి విచారణ పూర్తయి నిర్దోషిగా విడుదలైనవారిని అదే నేరానికి మళ్లీ విచారించడానికీ వీల్లేదు. ఇంగ్లండ్ 2003లో చట్టం మార్చి, బలవత్తరమైన కొత్త సాక్ష్యముంటే తీవ్ర నేరాల్లో మళ్లీ విచారణకు అవకాశమిచ్చింది. ఇక్కడ అలాంటిది లేదు. విడుదల తీర్పుపై అప్పీలే దారి. 2009 నుంచి బాధిత కుటుంబానికి కూడా ఆ హక్కు ఉంది.

ఇంట్లోనే భార్య హతమైనప్పుడు భర్త ఇచ్చే వివరణ విషయంలో రెండు దేశాలకూ తేడా ఉంది. ఆస్ట్రేలియాలో క్రిస్ డాసన్ సాక్షిగా బోనెక్కలేదు. ఆ మౌనాన్ని అతడికి వ్యతిరేకంగా లెక్కించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, ముందు చెప్పిన అబద్ధాన్ని లెక్కిస్తుంది. భారతీయ సాక్ష్య చట్టంలో ఒక వ్యక్తికి ప్రత్యేకంగా తెలిసిన సంగతిని నిరూపించే భారం ఆ వ్యక్తిదే అన్న సెక్షన్ (పాత 106, కొత్త 109) ఉంది. 2006లో త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసులో అత్తింటివారు పాము కాటని చెప్పారు, వైద్యుడు గొంతు నులమడమని తేల్చాడు. ఇంటి లోపలి నేరంలో వివరణ ఇవ్వకపోయినా, తప్పుడు వివరణ ఇచ్చినా అది గొలుసులో మరో లింకు అవుతుందని సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. వరకట్న మరణంలో వేధింపు 'మరణానికి కొంచెం ముందు' జరిగి ఉండాలన్న మాటకు 'తక్షణం ముందు' అని అర్థం కాదని 2021లో సత్బీర్ సింగ్ కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం వివరించింది. ఈ వెసులుబాట్లన్నిటికీ ఒక షరతు ఉంది: పునాది సంగతులను ప్రాసిక్యూషన్ ముందుగా నిరూపించాలి. శవమే దొరకని అదృశ్యం కేసులో, ఆ రాత్రి ఆమె ఇంట్లోనే ఉందన్నదే నిరూపించవలసిన మొదటి పునాది.

ఆలస్యం రెండు వైపులా కోస్తుంది

నలభై ఏళ్ల ఆలస్యం నేరస్థుడికే లాభమన్నది తేలికగా అనేసే మాట. బ్యాంకు రికార్డులు, ఫోన్ రికార్డులు పోయాయి. అవి ఉంటే ఫోన్ కథను నిందితుడు నిరూపించగలిగేవాడేమో, లేక అది మరుసటి వారమే కూలిపోయేదేమో. తనకు అనుకూలంగా చెప్పగలిగిన సాక్షులు చనిపోయారని నిందితుడి న్యాయవాదులు వాదించారు. ఈ నష్టాన్ని తాను పరిగణనలోకి తీసుకున్నానని విచారణ న్యాయమూర్తి తీర్పులో రాశారు. అది సరిపోలేదన్న అభ్యంతరాన్ని అప్పీలు ధర్మాసనం అంగీకరించలేదు. పాత కేసులన్నిటిలో ఇదే ఫలితం వస్తుందని అనుకోవడానికి లేదు. ఇక్కడ ప్రాసిక్యూషన్‌కు కలిసొచ్చినది అసాధారణమైన సంగతి: నిందితుడు తన కథనాన్ని 1982లో, 1991లో తన మాటల్లోనే రికార్డుకెక్కించాడు. అప్పట్లో పోలీసులు ఏమీ రాసుకోకుండా పంపించి ఉంటే, 2022లో అబద్ధమని నిరూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

ఈ కోణంలో చూస్తే మన స్టేషన్లకు ఉపయోగపడే పని చాలా చిన్నది. భార్య కనబడటం లేదని భర్త వచ్చినప్పుడు, చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏ బట్టల్లో చూశాడో, ఆ తర్వాత ఆమె నుంచి ఏ నంబరుకు ఫోన్ వచ్చిందో అతడి మాటల్లోనే పూర్తిగా నమోదు చేయడం; అదే రోజున ఆమె పుట్టింటివారి మాటను విడిగా నమోదు చేయడం; ఆ రెండు కాగితాలనూ ఫోన్ కంపెనీ రికార్డులు చెరిగిపోకముందే పక్కపక్కన పెట్టి చూడటం. డీఎన్‌ఏ లాబొరేటరీ కంటే ముందు అవసరమైనవి ఇవి.

శిక్ష తర్వాత

2022 డిసెంబరు 2న క్రిస్ డాసన్‌కు 24 ఏళ్ల జైలుశిక్ష పడింది. అందులో 18 ఏళ్లు పెరోల్ లేకుండా గడపాలి. 1980లో విద్యార్థినిపై జరిపిన లైంగిక నేరానికి 2023లో వేరే కోర్టు మరో మూడేళ్లు విధించింది, దానితో పెరోల్ అవకాశం ఇంకో ఏడాది జరిగి 2041కి చేరింది. అప్పటికి అతడి వయసు 93 ఏళ్లు. తీర్పు వచ్చిన రోజున లినెట్ సోదరుడు ఇకపై ఆమెను డాసన్ అని కాక లినెట్ సిమ్స్ అని పిలవాలని పత్రికలను కోరారు.

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2022లోనే చట్టాన్ని సవరించింది. హత్యకు శిక్షపడినవారు మృతదేహం ఎక్కడుందో వెల్లడించేందుకు సహకరించకపోతే పెరోల్ ఇవ్వరాదన్నది ఆ సవరణ. వాడుకలో దాని పేరు 'లిన్ చట్టం'. అప్పీలు ఓడిన తర్వాత కూడా తాను నిర్దోషినేనని క్రిస్ డాసన్ చెబుతున్నందున, అతడి విషయంలో ఆ చట్టం పనిచేయాలంటే తాను చేయలేదంటున్న నేరాన్ని ముందు ఒప్పుకోవాలి. 2018 సెప్టెంబరులో పోలీసులు బేవ్యూ ఇంటి పెరట్లో కొలను పక్కన కాంక్రీటు పగలగొట్టి కొన్ని రోజులపాటు తవ్వారు. అక్కడ ఏమీ దొరకలేదు.